సావిడి గోడ మీది అరచేతులు

మా మనవరాలికి పిడికెడు మట్టి కావలసి వచ్చింది.

బడిలో మొక్కల పాఠం చెబుతున్నారట. ప్లాస్టిక్ గ్లాసులో తడి దూది పరిచి, అందులో చిక్కుడు గింజ పెట్టి, రోజూ దాని బొమ్మ గీసి పట్టుకెళ్ళాలి. గింజ ఉబ్బింది, పగిలింది, తోకలాంటి వేరు దించింది, రెండు ఆకులు విప్పింది. బొమ్మలయిపోయాయి, మార్కులూ వచ్చేశాయి. ఇప్పుడా మొక్క దూదిలో నిలబడలేక పక్కకు వాలిపోతోంది.

"అమ్మమ్మా, ఇంక దీన్ని పారెయ్యమన్నారు. నేను పారెయ్యను. మట్టి కావాలి" అని పిల్ల నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

మా అమ్మాయి వంటింట్లోంచే, "ఫోన్లో ఆర్డరు పెడతాలేవే, రేపటికల్లా సంచీడు మట్టి వస్తుంది" అంది.

నేను కృష్ణ ఒండ్రు మీద పుట్టి పెరిగినదాన్ని. మట్టి కొనుక్కోవడమనే మాట నా చెవికెక్కలేదు. విజయవాడలో అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉంటున్న మాట నిజమే. కిటికీలోంచి చూస్తే సిమెంటు తప్ప మరేమీ కనపడని మాటా నిజమే. మా కింది ఫ్లాటావిడ బాల్కనీ నిండా కుండీలున్నాయి. కానీ ఆవిడకూ నాకూ మాటల్లేవు. నేను ఆరేసిన దుప్పటి నీళ్ళు ఆవిడ వడియాల మీద పడ్డాయని ఓసారి పైకి చూసి ఏదో అంది. నేను జవాబు చెప్పలేదు. అప్పటినుంచి లిఫ్టులో ఎదురైతే నేను అంతస్తుల అంకెల వైపు చూస్తాను, ఆవిడ తన చెప్పుల వైపు చూస్తుంది.

"ఆ కిందావిణ్ణి అడుగు అమ్మమ్మా" అంది పిల్ల.

"మన ఇంట్లో అడగడం అలవాటు లేదమ్మా" అన్నాను.

ఆ మాట నాది కాదు, మా నాయనమ్మది. అది నా నోట్లోంచి వచ్చీ రాగానే, కాలిన పేడ వాసనా దాని వెనకే వేగిన ఆనప గింజల కమ్మటి వాసనా ఎక్కణ్ణించో వచ్చి ముక్కుకు తగిలాయి.

పామర్రు నుంచి కాలవగట్టు పట్టుకుని వెళితే తగిలే ఊళ్ళలో మాదొకటి. ఒకప్పుడు ఆ కాలవకు అటూ ఇటూ ఉన్న పొలమంతా మాదేనట. నేను పుట్టేసరికి అటుదీ ఇటుదీ పోయింది. తాతగారు కోర్టులనీ దానధర్మాలనీ ఒకే కంటితో చూశారని మా నాన్న అనేవాడు. మిగిలింది మేడ. దాని పైఅంతస్తు కురిసేది కాబట్టి కిందే ఉండేవాళ్ళం. మేడ పక్కన పొడుగాటి పెంకుల సావిడి. దాని నిండా వరసగా ఎడ్లూ గేదెలూ కట్టేసి ఉండేవట. గొడ్లు పోయాక తాతగారు దాన్ని ఊరి బడికి ఇచ్చేశారు.

ఇచ్చేసిన సంగతి మా నాయనమ్మ ఎన్నడూ ఒప్పుకోలేదు. "బడి మన సావిట్లో ఉంటోంది" అనేది, ఎవరో చుట్టాలు నాలుగు రోజులుండి పోవడానికి దిగినట్టు. పొద్దున గంట కొట్టేసరికి మేడ అరుగు మీద పీట వేసుకుని కూర్చునేది. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని మాస్టార్ల కంటే ముందు ఆవిడే అదిలించేది. నేనూ బడికి వెళుతున్నట్టు వెళ్ళేదాన్ని కాదు, మా సావిట్లోకి వెళుతున్నట్టే వెళ్ళేదాన్ని.

నాయనమ్మ గోడకు చేరబడగా నేను చూడలేదు. నన్నూ చేరబడనిచ్చేది కాదు. "వంగకే అమ్మాయ్. మనం వంగామంటే ఏదో తక్కువైందనుకుంటారు ఊళ్ళో" అనేది. తక్కువైన సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా నేను వంగేదాన్ని కాదు. ఇప్పటికీ డాక్టరుగారు నా ఎక్స్‌రే చూసి, "ఈ వయసులో ఇంత తిన్నటి వెన్ను నేను చూళ్ళేదండీ" అంటారు. అది మందుల వల్ల వచ్చింది కాదని ఆయనకు చెప్పలేదు.

ఆ ఏడు మా బడికి విజయవాడ నుంచి కొత్త టీచరుగారు వచ్చారు. చిన్న వయసు. పామర్రులో గది తీసుకుని రోజూ సైకిల్ మీద వచ్చేవారు. మొదటి రోజే నాయనమ్మ అరుగు మీంచి అందుకుంది.

"ఆడపిల్లవి, సైకిలెక్కి గట్టెంబడి రావడమేంటమ్మా?"

"నడిస్తే ఆలస్యమవుద్దండీ. ఆలస్యంగా వచ్చినోళ్ళని మీరు కేకలేస్తారంట కదా!"

నాయనమ్మ ఆ సైకిల్ని ఎగాదిగా చూసింది. లోపలికి చూసి, "ఈవిడకి మజ్జిగ తెండే" అంది.

దసరా సెలవులయ్యాక టీచరుగారు మొక్కల పాఠం మొదలుపెట్టారు. పుస్తకంలో గింజ, మొలక, మొక్క, పువ్వు, కాయ, మళ్ళీ గింజ గుండ్రంగా గీసి, మధ్యమధ్య బాణాలు వేసి ఉన్నాయి. ఆవిడ ఆ పేజీ చూపించి పుస్తకం మూసేశారు.

"ఈ చక్రం నాకు బోర్డు మీద వద్దు, సావిడి ఎనక కావాలి. ఒక్కొక్కళ్ళు ఒక్కో పాదు పెట్టండి. గింజతో మొదలెట్టి గింజతో ముగించాలి. నాకు కాయ చూపిస్తే సగం మార్కులే. ఆ కాయలో గింజ చూపిస్తేనే పాసు."

సావిడి వెనక పాత పెంటపోగు చోటు ఉండేది. తరాల తరబడి గొడ్ల పేడంతా అక్కడే పోశారు. ఆ మట్టి నల్లగా, పిడికిట్లో నొక్కితే పిట్టులా విడిపోయేది. నేను ముందుకెళ్ళి నిలబడ్డాను.

"అది మా పెంటపోగండీ. నాకే ఇవ్వాలి."

"మీ పెంటపోగైతే ఎత్తుకెళ్ళి మీ మేడలో పెట్టుకోమ్మా. ఇది బడి మట్టి" అన్నారు టీచరుగారు. పిల్లలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

చీట్లు వేశారు. పెంటపోగు చోటు కాలవ అవతలి గట్టు పిల్లకు తగిలింది. మా పొలం కొనుక్కున్నది వాళ్ళే. పొలం చాలదన్నట్టు పెంటపోగూ వాళ్ళకే పోయిందని నాకు ఏడుపొచ్చింది. నాకు పడింది సావిడి గోడవార, ఇటుక ముక్కలూ పెంకు ముక్కలూ నిండిన చోటు. ఇంటికెళ్ళి నాయనమ్మకు చెప్పాను.

"గోడవారైతే ఏమైంది? గోడ మనది" అంది ఆవిడ.

ఎవరే పాదు పెడితే వాళ్ళకదే పేరైపోయింది. టీచరుగారు హాజరు కూడా అలాగే పిలిచేవారు. నేను ఆనప. అవతలి గట్టు పిల్ల గుమ్మడి. బీర, దోస, కాకర, చిక్కుడు, పొట్ల ఉండేవాళ్ళు. వాళ్ళ అసలు పేర్లు ఎంత గింజుకున్నా ఇప్పుడు నాకు గుర్తు రావు. మొన్నామధ్య ఓ పెళ్ళిలో బట్టతల పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి, "ఆనపా, బాగున్నావా?" అంటే, "నువ్వు పొట్ల కదూ!" అన్నాను. పక్కనున్న వాళ్ళు మా ఇద్దరికీ మతిపోయిందనుకున్నారు.

పొట్ల మహా తొందర మనిషి. పొట్లకాయ మెలికలు తిరక్కుండా తిన్నగా దిగాలంటే దాని కొసకు చిన్న రాయి కట్టాలి. వాడు త్వరగా దిగుతుందని పచ్చడి బండంత రాయి కట్టాడు. పొద్దున వచ్చి చూస్తే కాయ సగానికి విరిగి రాయితో సహా కింద పడి ఉంది. "ఒరేయ్ పొట్లా, కాయకి కట్టమన్నాను గానీ ఉరెయ్యమన్నానా?" అన్నారు టీచరుగారు. నాకు మాత్రం ఆ రాళ్ళు వేలాడే పొట్లకాయల్ని చూస్తే నేనే గుర్తొచ్చేదాన్ని. నాయనమ్మ మాట నా వెన్నుకు అలాగే కట్టి ఉండేది.

పూత వచ్చాక మగపువ్వు ఏదో ఆడపువ్వు ఏదో చూపించారు. ఆడపువ్వు కింద బుల్లి కాయ ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. గుమ్మడి పూసిన పొద్దున మగపువ్వు కోసి ఆడపువ్వుకు తాకించమన్నారు. మేము ఊరుకోకుండా పెళ్ళి చేశాం. కాకర పురోహితుడు. నేను మా వంటింట్లోంచి బెల్లం ముక్క తెచ్చాను. చిక్కుడు బాకా ఊదాడు. ఆ సందడికి నాయనమ్మ సావిడి వెనక్కి వచ్చింది.

"చిన్నపిల్లలకి మగా ఆడా అని ఆ మాటలేంటమ్మాయ్?"

"మీరు చెప్పండి పోనీ. కాయ ఎట్టా కాస్తదో ఇంకోలా చెప్పే మార్గముంటే అట్టాగే చెబుతాను" అన్నారు టీచరుగారు.

నాయనమ్మ బెల్లం ముక్క వైపు చూసింది. "పెళ్ళికూతురు వైపు వాళ్ళకి బెల్లం ఇచ్చారా?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఆ శీతాకాలం ఊళ్ళో ఏ గుమ్మం ముందు నడిచినా మా బడి కూరే వాసనొచ్చేది. దోసకాయ పప్పు, బీరకాయ పచ్చడి, నెయ్యి వేసిన ఆనపకాయ పులుసు. ఒక్కో పాదుకు తొలికాయ మాత్రం కోయకూడదు. దానికి పసుపు గుడ్డ పీలిక కట్టి విత్తనానికి వదిలేయాలి. తండ్రులు సణిగారు. "కూరకొచ్చే కాయని చెట్టుమీదే ముదరబెట్టి ఎండబెడతారా? మట్టి పిసకడానికైతే మా పొలంలోనే పిసుకుతారు గదండీ, బడెందుకు?" అన్నారొకాయన.

"కాలవకి నీళ్ళొదిలిన రోజు వచ్చి చూడండి. అప్పటికి బడి తెరుస్తాం. పిల్లలు వాళ్ళు పండించిన గింజ వాళ్ళే నాటతారు. మొలకెత్తకపోతే వచ్చే ఏడు పుస్తకమే చెబుతా" అన్నారు టీచరుగారు. పెద్దలు సరే, వస్తాం అన్నారు. మాకు గర్వం, భయం రెండూ పట్టుకున్నాయి.

వేసవి సెలవులకు ముందు కాయలు పగలగొట్టి గింజలు తీశాం. పచ్చి పేడ తెచ్చి, గింజలు అందులో కలిపి, పిడకల్లా చూరు కింద సావిడి గోడకు కొట్టించారు. పేడలో ఉంటే పురుగు పట్టదు, ఎలక ముట్టదు. మా ప్రాంతంలో చాలా ఇళ్ళల్లో ఆనప, గుమ్మడి గింజలు అలాగే దాస్తారు. పిడక కొట్టాక మీద అరచెయ్యి ముద్ర పడుతుంది కదా, ఎవరిది ఎవరిదో తెలియడానికి అదే గుర్తు. గోడ నిండా చిన్నచిన్న అరచేతులు. నా చిటికెన వేలు కొంచెం వంకర. నా పిడకను దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని.

నాయనమ్మ అరుగు మీంచి చూసి సంతోషించింది. "పిడకలు కొట్టడం నేర్పుతోంది. ఇన్నాళ్ళకి పనికొచ్చే చదువు చెప్పింది" అంది. మా ఇంట్లో గింజలు బూడిద కలిపి కుండల్లో దాచేవారట. పిడకలు పనివాళ్ళు కొట్టేవారు, ఇంటి ఆడవాళ్ళు ఆ వైపే వెళ్ళేవారు కాదు. పేడలో గింజలుంటాయని ఆవిడకు తెలియనే తెలియదు.

ఆవకాయలయిన వారానికి గాలివాన వచ్చింది. మామిడి తోటల్లో కాయలు రాలుతుంటే పిల్లలందరం అక్కడే. పరికిణీ ఒడి నిండా కాయలతో, తడిసి ముద్దయి, నేను ఇంటికొచ్చేసరికి నాయనమ్మ తమ్ముడు వచ్చి ఉన్నాడు. ఆయనది కూచిపూడి దగ్గర పల్లె. నేను తాతయ్యా అనేదాన్ని. వానలో నానిపోయి వచ్చాడు. చుట్టానికి పొగలు కక్కే నీళ్ళతో స్నానం చేయించకుండా పంపడం మా ఇంట ఉండదు. పెరట్లో కట్టెలన్నీ తడిసిపోయాయి. అయినా పొయ్యి భగభగా మండుతోంది, పెద్ద కాగు కుతకుతలాడుతోంది.

పొయ్యిలో పటపటమని ఏదో పేలింది.

"పొయ్యి నవ్వుతోందేంటక్కా? పొయ్యి నవ్వితే చుట్టాలొస్తారంటారు. చుట్టం వచ్చేశాడుగా, ఇంకెవరొస్తారంటావ్?" అన్నాడు తాతయ్య, తువ్వాలు కట్టుకుని.

కమ్మటి వాసన. పెనం మీద గింజలు వేయిస్తున్నట్టు. నేను పొయ్యి దగ్గరికెళ్ళి వంగి చూశాను. సగం కాలిన పిడక మీద వంకర చిటికెన వేలు.

ఒళ్ళోని కాయలన్నీ నేల మీద దొర్లాయి.

"అవి మావి!"

"మనవే. సావిడి గోడవి" అంది నాయనమ్మ.

"మనవి కాదు, మావి! బడివి! అందులో గింజలున్నయ్యి నాయనమ్మా, అందరివీ!"

నాయనమ్మ ఇనప చువ్వతో ఒక పిడకను బయటికి లాగింది. విరగ్గొట్టింది. లోపల గుమ్మడి గింజలు నల్లగా మాడి, పగిలి ఉన్నాయి. పరుగెత్తుకెళ్ళి చూస్తే సావిడి గోడ మీద గుండ్రటి మరకలు తప్ప ఒక్క పిడకా లేదు. తాతయ్యకు నీళ్ళు దండిగా కావాలి మరి.

ఆ సాయంత్రం తాతయ్యతో నాయనమ్మ వాదించింది. "నాకెవరు చెప్పారు? సావిడి మనది. గోడ మనది. గోడ మీద పిడక ఎవరిదవుద్ది?"

"గోడ మనదేలే అక్కా. గింజ మనదా?" అన్నాడాయన మామిడి టెంక చీకుతూ.

నాయనమ్మ లేచింది. చీకటి పడకముందు వెళ్ళి, ఆ మరకల ఎదుట చాలాసేపు నిలబడి వచ్చింది. ఆవిడ ఊళ్ళో ఎవరి గుమ్మమెక్కీ ఏదీ అడిగిన మనిషి కాదు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఊరే మా గుమ్మానికి వచ్చేది. విత్తనం అడగాలన్నా మా ఇంటికే వచ్చేవారట. అవన్నీ నాకు కథల్లా చెప్పిన మనిషి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టకపోతే నాకు నా గింజల మీది దుఃఖం పోయి ఆవిడ మీద బెంగ పట్టుకుంది.

రెండు రోజుల ఎండకు నేల ఆరాక నాయనమ్మ కొత్త ఆవకాయ చిన్న జాడీలోకి తీసి మూతికి గుడ్డ వాసెన కట్టింది. ఉతికిన చీర కట్టుకుని, గొడుగు తీసి, "పద" అంది. అవతలి గట్టుకు. గుమ్మడి వాళ్ళింటికి.

వేసవిలో కాలవలు కట్టేస్తారు. అడుగు ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. పిల్లలం అడ్డంగా దాటేసేవాళ్ళం. "ఇట్టా పోదాం నాయనమ్మా, వంతెన దూరం" అన్నాను. "అడ్డదారిన వెళ్ళే ఇల్లు కాదు మనది" అని ఆ ఎండలో వంతెన దాకా నడిపించి, వంతెన మీంచి మళ్ళీ వెనక్కి నడిపించింది.

గుమ్మడి వాళ్ళ మామ్మ పంచలో చింతపండు పిక్కలు తీస్తోంది. మమ్మల్ని చూసి గబగబా లేచింది. ఒకప్పుడు ఇద్దరూ వదినా వదినా అనుకునేవాళ్ళట. పొలం చేతులు మారాక మాటలు ఆగిపోయాయి.

"రండి వదినగారూ! దారి తప్పి వచ్చారా ఏంటి?"

"వంతెన మీంచే వచ్చాం" అంది నాయనమ్మ. జాడీ ముందుకు తోసింది. "ఈ ఏటి ఆవకాయ. రుచి చూస్తారని."

"మేవూ పెట్టాం వదినగారూ. అయినా మీ చేతిది వేరేలెండి. మీరు మెంతులు దంచరు, అట్టాగే వేస్తారు. నాకు తెలుసు."

ఎండ గురించి మాట్లాడుకున్నారు. గాలివాన గురించి మాట్లాడుకున్నారు. కాలవకి నీళ్ళెప్పుడొదులుతారో మాట్లాడుకున్నారు. గుమ్మడీ నేనూ స్తంభం అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నాం. సంగతి నేను దానికి పొద్దున్నే చెప్పేశాను. అది వాళ్ళ మామ్మకు చెప్పేసిందని దాని మొహమే చెబుతోంది. ఆవిడ తనంతట తను అనొచ్చు. అనలేదు. చింతపండు పిక్కలు ఒక్కోటే తీస్తూ కూర్చుంది.

నాయనమ్మ వెన్ను ఇంకా తిన్నగా చేసింది.

"వదినా, పిల్లల గింజలు నేను పొయ్యిలో పెట్టాను. తెలియక పెట్టాను. గింజలు కావాలి. అడగడానికొచ్చాను."

గుమ్మడి వాళ్ళ మామ్మ చేతిలో పని ఆగిపోయింది. చింతపండు పళ్ళెం పక్కన పెట్టి లోపలికెళ్ళింది. అటక మీంచి ఎండిన ఆనపకాయ ఒకటి దించి తెచ్చింది. పొడుగాటి మెడ, గుండ్రటి పొట్ట, చెక్కలా గట్టిపడిపోయిన తొక్క.

"ఇది మీ ఇంటి కాయే వదినా. నేను కాపరానికొచ్చిన ఏడు మీ అత్తగారు ఇచ్చిన గింజ. ఈ పొడుగు మెడది ఇప్పుడు మీ పెరట్లోనూ లేదు గదా. మీదే, తీసుకెళ్ళండి."

నాయనమ్మ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలమంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇక మా ఇంటి గొప్ప చెప్పడం మొదలుపెడుతుందని అనుకున్నాను.

"కాదు" అంది. "మా అత్త ఇచ్చింది పిడికెడు గింజలు. ఇన్నేళ్ళు పాదు చేసి, నీళ్ళు పోసి, కాయ దించి, మళ్ళీ దాచింది నువ్వు. ఇది నీదేనే. నేను అడిగి తీసుకుంటున్నాను."

"నువ్వు" అన్న ఆ మాటకు గుమ్మడి వాళ్ళ మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత జాడీ వాసెన విప్పి, వేలితో ఆవకాయ నాకి, "ఉప్పు కాస్త ఎక్కువైంది వదినా" అంది. నాయనమ్మ నవ్వడం నేనప్పుడు విన్నాను. కాగులో నీళ్ళు తెర్లినట్టు, లోపల్లోపలే నవ్వింది.

గుమ్మడి గింజలూ వాళ్ళింట్లోనే దొరికాయి. మిగతావాటికి ఇద్దరూ కలిసి బయలుదేరారు. పొట్లకు ఒక ఇల్లు, బీరకు ఒక ఇల్లు, కాకరకు ఇంకొకటి. ఒక్కో గుమ్మంలో నాయనమ్మ అదే మాట, అంతే తిన్నగా నిలబడి చెప్పింది. ఎవరూ నవ్వలేదు. దోస వాళ్ళమ్మ మాత్రం, "మా ఇంట్లో కట్టెలు కూడా ఉన్నయ్యి, కావాలా అండీ?" అంది. చివరికి కాలవ దగ్గరికొచ్చేసరికి ఎండ చుర్రుమంటోంది. నాయనమ్మ వంతెన వైపు చూసింది, వదిన వైపు చూసింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి కాలవలోకి దిగింది. నెర్రెల మధ్య ఎండిన నత్తగుల్లలు కాళ్ళ కింద చిటచిటలాడుతుంటే ఇద్దరు ముసలమ్మలూ చెయ్యి చెయ్యి పట్టుకుని అడ్డంగా దాటారు.

పిడకలు మళ్ళీ కొట్టాలిగా. నాయనమ్మ జన్మలో పేడ ముట్టలేదు. నిటారుగా నిలబడి విసిరితే ముద్ద జారి కాళ్ళ మీదే పడింది.

"అట్టా కాదు వదినా, కాస్త వంగాలి. వంగి కొడితేనే గోడకంటుద్ది."

నాయనమ్మ చుట్టూ చూసింది. గుమ్మడీ నేనూ తప్ప ఎవరూ లేరు. వంగింది. చప్, చప్ మని సావిడి గోడ మళ్ళీ నిండింది.

కాలవకి నీళ్ళొదిలిన రోజు మా డెల్టా పిల్లలకు పండగ. నీళ్ళ మొనకు ముందు పరుగెత్తాలి. ఎండుటాకులూ పుల్లలూ నురగా తోసుకుంటూ, నెర్రెల్లోకి బుడబుడమని దిగుతూ నీళ్ళు వచ్చేవి. తొలి నీళ్ళు తగిలిన దుమ్ము వాసన ఊరంతా నిండేది. మేము నీళ్ళతో పాటు పరుగెత్తి బడికొచ్చేసరికి టీచరుగారు సైకిల్ స్టాండు వేసి గోడ ముందు నిలబడి ఉన్నారు. చెప్పినట్టే తండ్రులూ పెద్దలూ వచ్చారు.

"ఇవి నా పిల్లల చేతులు కావే!" అన్నారావిడ.

నాయనమ్మ అరుగు మీంచి లేచి, మెట్లు దిగి, అందరి మధ్యకూ వచ్చింది.

"నావమ్మా. ఆ వెడల్పువి మా వదినవి. పిల్లలు దాచినవి నేను నీళ్ళకాగు కింద పెట్టాను. ఇవి ఊళ్ళో అడిగి తెచ్చిన గింజలు."

మట్టి పిసకడం ఎందుకన్న పెద్దాయన దగ్గాడు. టీచరుగారు మా వైపు తిరిగారు.

"ఏమర్రా, ఈవిడ పాసా, ఫెయిలా?"

గుమ్మడి చెయ్యెత్తింది. "కాయ చూపిస్తే సగం మార్కులన్నారు కదండీ. ఈ మామ్మగారు కాయ కాయించకుండా గింజే తెచ్చారు. కాబట్టి ఈవిడకీ సగమేనండీ."

ముందు దగ్గిన పెద్దాయనే ముందు నవ్వాడు.

"మరి మిగతా సగం?" అన్నారు టీచరుగారు.

"పాదు పెట్టాలండీ! నా చోటు ఇచ్చేస్తాను, పెంటపోగుది."

"నాకు ఊరికే ఏదీ వద్దు" అంది నాయనమ్మ. "అందరితో పాటే. చీట్లు వెయ్యండి."

వేశారు. నాయనమ్మకు పడింది గోడవార, ఇటుక ముక్కల చోటు. నేను గట్టిగా అరిచాను: "గోడ మనదేగా నాయనమ్మా!"

ఆ ఏడంతా హాజరులో చివరి పేరు ఆవిడదే. "పొడుగుమెడ ఆనపా!" అని టీచరుగారు పిలిస్తే, అరుగు మీంచి "ఆఁ" అని పలికేది. రాళ్ళన్నీ ఏరించి కాలవ ఒండ్రు పోయించింది. పాదు సావిడి పెంకులెక్కింది. తొలికాయకు పసుపు పీలిక కట్టింది. అది ఎండి గలగలలాడాక టీచరుగారి చేతిలో పెట్టి, "ఇప్పుడు చెప్పమ్మాయ్, పాసేనా?" అని అడిగింది. టీచరుగారు కాయను చెవి దగ్గర ఊపి విని, అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

మేడ లేదు, సావిడీ లేదు. బడికి ఊరి చివర పక్కా భవనం వచ్చింది. అవతలి గట్టు పొలాలు చేపల చెరువులయ్యాయి. పొడుగు మెడ ఆనప ఎవరింటి అటక మీదైనా ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే బాగుండునని మాత్రం ఉంది.

"అమ్మమ్మా, ఇదిగో, ఇంకా వాలిపోయింది" అంది మనవరాలు గ్లాసు చూపిస్తూ.

లేచి వంటింట్లోకెళ్ళాను. చెయ్యి అలవాటుగా ఆవకాయ సీసా మీదికి పోయింది. ఆలోచించి, సీసా అక్కడే వదిలేసి, ఖాళీ స్టీలు గిన్నె తీసుకున్నాను. పిల్ల గ్లాసు పట్టుకుని ముందు నడిచింది. మెట్లు దిగి కింది ఫ్లాటు బెల్లు నొక్కాను.

ఆవిడ తలుపు తీసి, నన్ను చూసి, అలవాటుగా చెప్పుల వైపు చూసింది. 

"పిల్ల మొక్కకి మట్టి కావాలండీ. అడగడానికొచ్చాను" అన్నాను.

ఆవిడ తలెత్తింది. నా గిన్నె చూసింది, పిల్ల చేతిలోని మొక్క చూసింది.

"ఆ గిన్నె ఏ మూలకండీ? చిక్కుడు తీగ కదా, బకెట్ తేవాల్సింది. రండి రండి, లోపలికి రండి. ఆ మూల పెద్ద కుండీలో మొక్కేమీ లేదు. కాకపోతే అడుగున ఉందండీ మట్టి, కాస్త వంగి తీసుకోవాలి."

వంగాను.